నీళ్ళు లేని కొండ మీద కాలువలాంటి రైలు: క్రామ్‌ఫర్డ్ నుంచి వేలీ బ్రిడ్జ్ దాకా

ఇంగ్లండు నడిబొడ్డున డెర్బీషైర్‌లో ఒక సున్నపురాయి పీఠభూమి ఉంది. వానలకు కొదవలేదు గానీ పడ్డ నీరు రాతి పగుళ్ళలోంచి దిగిపోయి ఎక్కడో కింద లోయలో ఊటగా తేలుతుంది. పైన చుక్క నిలవదు. ఈ కొండకు తూర్పున క్రామ్‌ఫర్డ్ కాలువ, వాయవ్యంగా పీక్ ఫారెస్ట్ కాలువ. తూర్పు గనుల బొగ్గు మాంచెస్టర్ వైపు చేరాలంటే పడవలు దక్షిణానికి దిగి ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ మీదుగా చుట్టు తిరిగి పోవాల్సిందే. రెంటినీ కలుపుతూ కొండ మీంచి మూడో కాలువ తవ్వుదామన్న ఆలోచన కూడా నడిచింది. కానీ పడవలను మెట్టుమెట్టుగా పైకెత్తే నీటి గదులు, అంటే లాకులు, దాదాపు వెయ్యి అడుగులు ఎక్కించేవన్నీ నింపడానికి నీళ్ళేవి? చివరికి కాలువ బదులు పట్టాలు వేద్దామని తేల్చుకున్నారు. 1825 మే 2న పార్లమెంటు చట్టంతో క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వే పుట్టింది.

ఆవిరి ఇంజన్లతో జనం కోసం నడిచిన మొదటి రైలుదారి స్టాక్టన్–డార్లింగ్టన్ అప్పటికి ఇంకా మొదలు కాలేదు. దానికి దాదాపు ఐదు నెలలుంది. అంటే ఈ దారిని గీసినవాళ్ళకు బాగా తెలిసిన విద్య కాలువలే. ఇంజనీరు జోసియాస్ జెస్సప్, క్రామ్‌ఫర్డ్ కాలువ కట్టిన విలియం జెస్సప్ కొడుకు. కాలువ మైళ్ళకొద్దీ ఒకే మట్టంలో సాగి, ఎక్కాల్సిన చోట లాకుల వరసతో ఎక్కుతుంది. ఈయనా అదే చేశాడు: మైళ్ళకొద్దీ చదునుగా పట్టాలు, వాటి మధ్య నిట్రమైన ఇంక్లైన్లు (వాలు దారులు), ఒక్కో ఇంక్లైన్ నెత్తిన తాడు లాగే ఆవిరి ఇంజను. సరుకు ఎక్కించి దించే చోట్లను కూడా రేవులనే పిలిచారు. లాంగ్‌క్లిఫ్ రేవు, హర్డ్‌లో రేవు అని కొండ మీద, ఏటికి మైళ్ళ దూరంలో!

లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. క్రామ్‌ఫర్డ్ కాలువ దగ్గర మట్టం 277 అడుగులు. శిఖరం లాడ్‌మన్‌లో అనే చోట 1,266. మధ్యలో ఎక్కే ఇంక్లైన్లు ఐదు: క్రామ్‌ఫర్డ్ 204 అడుగులు, షీప్ పాస్చర్ 261, మిడిల్టన్ 253, హాప్టన్ 113, హర్డ్‌లో 160. కూడితే 991. ఎక్కాల్సిందంతా ఈ ఐదు చోట్లే ఎక్కేశారు. మిగతా దారి దాదాపు బల్లపరుపు. రైలుదారి అనుకుని చూస్తే ఇది పిచ్చిపనిలా ఉంటుంది. కాలువ అనుకుని చూస్తే ప్రతి మలుపుకూ కారణం దొరుకుతుంది. నాలుగు రోజుల ఈ దారిని ఆ కళ్ళతోనే చూడాలి.

మొత్తం పొడవు 33 మైళ్ళు (53 కి.మీ.). అందులో తూర్పు భాగం 17.5 మైళ్ళు ఇప్పుడు హై పీక్ ట్రెయిల్ పేరుతో నడకకూ సైకిళ్ళకూ గుర్రాలకూ తెరిచిన దారి. పడమటి భాగం తునకలుగా మిగిలింది. చాలామంది పార్స్‌లీ హేలో సైకిలు అద్దెకు తీసుకుని నడిమి చదును మీద రెండు గంటలు తిరిగి వెళ్ళిపోతారు. హాయిగానే ఉంటుంది కానీ ఈ రైలుదారి ప్రాణం చదును మీద లేదు, ఇంక్లైన్లలో ఉంది. అందుకే క్రామ్‌ఫర్డ్ కొసనుంచి మొదలుపెట్టి పైకెక్కడం మేలు.

ఏప్రిల్ చివరినుంచి సెప్టెంబరు దాకా వెళ్ళొచ్చు. వేసవిలోనూ పైన గాలి కోస్తుంది, చెట్టు నీడ తక్కువ, తాగునీటి కుళాయిలు అరుదు. మనిషికి 2 లీటర్లు మోయాలి. దారి మీద పరిచింది సున్నపురాయి పొడి. ఎండలో తెల్లటి దుమ్ము, వానలో తెల్లటి బురద. సైకిలు గొలుసుకు అంటుకుంటే ఇసుకపట్టినట్టు అరగదీస్తుంది, ఏ రోజుకారోజు తుడవాలి.

మొదటి రోజు: క్రామ్‌ఫర్డ్ నుంచి మిడిల్టన్ టాప్

డెర్బీనుంచి మాట్లాక్ వెళ్ళే లోకల్ రైలు క్రామ్‌ఫర్డ్‌లో ఆగుతుంది. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే కాలువ మొదలయ్యే రేవు. ఎదురుగా రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో మొదలుపెట్టిన నూలు మిల్లు. ఈ లోయ మిల్లులన్నీ కలిపి 2001లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. మిల్లు చూడటానికి ఒక పూట పడుతుంది కాబట్టి దాన్ని ముందురోజు సాయంత్రానికి పెట్టుకుంటేనే ఈ రోజు నడక సాగుతుంది.

కాలువ గట్టు వెంట దక్షిణంగా ఒక మైలు వెళ్తే హై పీక్ జంక్షన్. రైల్వేవాళ్ళ కర్మశాల ఇక్కడే ఉంది. ప్రపంచంలో మిగిలిన రైల్వే కర్మశాలల్లో అతి పాతవాటిలో ఇదొకటి. లోపల కొలిమి, తిత్తులు, బల్లలు అలాగే ఉన్నాయి. అయితే ముందు చూడాల్సింది నేల. మొదట్లో వేసిన పోత ఇనుప పట్టాలు ఇప్పటికీ ఇక్కడ ఉన్నచోటే ఉన్నాయి. ఒక్కో ముక్క 4 అడుగులు. పైఅంచు తిన్నగా, కిందిఅంచు చేప పొట్టలా మధ్యలో లావుగా ఉంటుంది. ముక్క రెండు కొసలూ రాతి దిమ్మెల మీద ఆనుతాయి, బరువుకు మధ్య భాగమే వంగుతుంది. అందుకని ఇనుము అక్కడ ఎక్కువ పోశారు. అడ్డ దూలాలు వాడకపోవడానికి కారణం గుర్రాలు: రెండు పట్టాల మధ్య గుర్రం కాలు తట్టుకోకుండా నడవాలి. ఆ పద్ధతిలో తిప్పలు రెండు. రాతి దిమ్మెలు వేటికవి కుంగి, పట్టాల మధ్య దూరం చెదిరేది. పోత ఇనుము పెళుసు. గుర్రాల బళ్ళకు ఆగింది గానీ బరువైన లోకోమోటివ్‌ల దెబ్బకు విరిగేది. తర్వాత మెత్తటి ఇనుప పట్టాలు, చెక్క స్లీపర్లు వచ్చాయి. తీసేసిన దిమ్మెలు చుట్టుపక్కల గోడల్లో చేరాయి. మేకు దిగ్గొట్టిన రంధ్రం కనిపిస్తే అది రైల్వే రాయే.

కర్మశాలకు కాస్త దిగువన కాలువ పక్కనే పొడవాటి పొగగొట్టంతో లీవుడ్ పంపుహౌస్ ఉంది. 1849లో కట్టారు. కాలువకు నీళ్ళిచ్చే గనుల ఊటను లోతుగా తవ్విన మరో సొరంగం లాగేసుకుంది, దాంతో డెర్వెంట్ నదినుంచి నీళ్ళు తోడాల్సి వచ్చింది. నది నీటి మీద కింది మిల్లుల హక్కులున్నాయి. అందుకని శనివారం రాత్రి 8 నుంచి ఆదివారం రాత్రి 8 దాకా మాత్రమే తోడుకోవాలని షరతు. ఒక్క రోజులో వారానికి సరిపడా ఎత్తిపోయాలి కనుకే పంపు అంత భారీది. కొండ కింద, నది పక్కనే ఇంత కటకట ఉంటే పైన లాకులు నింపడం ఎంతటి మాటో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇక షీప్ పాస్చర్ ఇంక్లైన్. మొదట ఇవి రెండు: కింద క్రామ్‌ఫర్డ్ (580 గజాలు, 9 అడుగులకు 1 అడుగు ఎత్తు), పైన షీప్ పాస్చర్ (711 గజాలు, 8కి 1). 1857లో రెంటినీ ఒకటి చేశారు. ఇప్పుడు ఏకబిగిన 1.2 కి.మీ. ఎక్కాలి. నడకకు అరగంట. సైకిలు తోసుకెళ్ళడమే నయం. దీని మీద సైకిలు తొక్కుతూ దిగడం మాత్రం మంచిది కాదు: వదులు రాళ్ళ మీద ముందు బ్రేకు గట్టిగా పట్టితే చక్రం జారుతుంది, వెనక బ్రేకు ఒక్కటీ చాలదు, ఎదురుగా కుక్కలూ పిల్లలూ వస్తుంటారు.

పని జరిగే తీరు ఇది. పైన ఒక పెద్ద చక్రం, అడుగున గోతిలో మరో చక్రం; రెంటినీ చుట్టి కొసల్లేని తాడు. పక్కపక్కనే రెండు పట్టాల దారులు. ఒకవైపు వ్యాగన్లు దిగుతుంటే మరోవైపు వ్యాగన్లు ఎక్కుతాయి, గిలక మీద రెండు బొక్కెనల్లాగా. కింద పనివాళ్ళు వ్యాగన్ గొలుసును కదులుతున్న తాడుకు కాదు, ఆపిన తాడుకు జడలా అల్లి తోలు పట్టీలతో బిగించేవారు. బరువు పడేకొద్దీ అల్లిక బిగుసుకుంటుంది. రాయి నిండిన వ్యాగన్లు ఎక్కువగా దిగేవే కాబట్టి వాటి బరువే పైకెళ్ళేవాటిని సగం లాగేది. ఇంజను మిగతా తేడా భరిస్తే చాలు. మొదట్లో తాడు స్థానంలో గొలుసు వాడారు. గొలుసులో ఒక్క కొక్కెం విరిగితే అన్నీ పోతాయి, విరగబోయేముందు పైకి కనిపించదు. ఉక్కుతాడైతే పోగులు ఒక్కటొక్కటిగా తెగుతాయి, తనిఖీలో కంటపడుతుంది. ఆ ఒక్క మార్పు ఎన్ని ప్రాణాలు కాపాడి ఉంటుందో.

అయినా ప్రమాదాలు తప్పలేదు. 1888లో పైన రైలునుంచి ఊడిన ఒక బ్రేక్ వ్యాన్ (రైలు కొసన బ్రేకులుండే పెట్టె) ఈ వాలు మీద వేగం పుంజుకుని, అడుగున మలుపు తిరగలేక గాల్లోకి లేచి, కాలువనూ దాని పక్కన రెండు వరసల రైలు పట్టాలనూ దాటి అవతలి పొలంలో పడింది. ఆ తర్వాతే ఇంక్లైన్ దిగువన, ఏ6 రోడ్డు దగ్గర్లో, పట్టుగొయ్యి తవ్వారు. బండిని ఒక దారినుంచి మరో దారికి మళ్ళించే కదిలే పట్టాలు, అంటే పాయింట్లు, ఎప్పుడూ గోతివైపే ఉండేవి. దిగే వ్యాగన్లు అదుపులోనే ఉన్నాయని నమ్మకం కుదిరాకే పాయింట్ల మనిషి వాటికి అసలు దారి ఇచ్చేవాడు. మర్చిపోతే సరుకు గోతిలో పడుతుంది, అంతేగానీ ఊరి మీద పడదు. భద్రత ఎటువైపు ఒరగాలో ముందే తేల్చిన ఏర్పాటు అది. గొయ్యి ఇప్పటికీ ఉంది, అందులో నుజ్జయిన వ్యాగన్ ఒకటి ఉంది.

షీప్ పాస్చర్ పైన ఇంజను ఇల్లు గోడలు మాత్రమే మిగిలాయి. అక్కడినుంచి బ్లాక్ రాక్స్ దాకా చదును. ఆ నల్లటి ఇసుకరాతి గుట్ట ఎక్కితే లోయంతా కనిపిస్తుంది. వాన పడినప్పుడు ఎక్కొద్దు, నాచు జారుతుంది. ఆ పక్క స్టీపుల్‌హౌస్ దగ్గర పాత రాతిక్వారీ శాఖ మీద 18 అంగుళాల గేజుతో (పట్టాల మధ్య దూరం) బుల్లి రైలు ఒకటి సెలవురోజుల్లో నడుపుతారు.

తర్వాత మిడిల్టన్ ఇంక్లైన్, 708 గజాలు. అడుగున చక్రపు గొయ్యి చూసి ఎక్కండి. పైన మిడిల్టన్ టాప్ ఇంజను హౌస్: ఎనిమిది ఇంక్లైన్లకు ఆవిరి ఇంజన్లు బటర్లీ కంపెనీ చేస్తే వాటిలో పూర్తిగా మిగిలింది ఇదొక్కటే. 1829లో చేసిన జంట బీమ్ ఇంజన్లు (పైన దూలం ఊగుతూ చక్రం తిప్పేవి) 1963 ఆగస్టులో ఇంక్లైన్ మూసేదాకా పనిచేశాయి. తక్కువ పీడనపు ఆవిరితో నడిచే రకమవి. వాడిన ఆవిరిని చన్నీళ్ళతో చల్లార్చి, ఏర్పడిన శూన్యంతో పిస్టన్‌ను లాగిస్తాయి. బాయిలర్‌కు నీళ్ళు కావాలి, చల్లార్చడానికి ఇంకా ఎక్కువ కావాలి. మళ్ళీ నీళ్ళే! ఇంజను హౌస్ లోపలికి కొన్ని నిర్ణీత రోజుల్లోనే పంపుతారు, తేదీలు ముందే చూసుకోవాలి. ఆ తేదీకి తగ్గట్టు మిగతా రోజులు అమర్చుకున్నా తప్పులేదు. సైకిళ్ళు ఇక్కడ అద్దెకు దొరుకుతాయి. రాత్రికి కిందనున్న వర్క్స్‌వర్త్ ఊరికి దిగడం మంచిది.

రెండో రోజు: మిడిల్టన్ టాప్ నుంచి పార్స్‌లీ హే

సుమారు 11 మైళ్ళు. నడకకు పూర్తి రోజు, సైకిలుకు తీరిగ్గా మూడు గంటలు.

ముందు 113 గజాల హాప్టన్ సొరంగం, ఆపైన హాప్టన్ ఇంక్లైన్. 457 గజాలే గానీ ఈ దారిలో దీని కథ వేరు. 1877లో ఇక్కడి తాడు పని ఆపేసి లోకోమోటివ్‌లనే ఎక్కించడం మొదలెట్టారు. నిట్రమైన చోట 14కి 1. పళ్ళ పట్టా లేకుండా చక్రాల రాపిడి మీదే ఇంజన్లు ఎక్కిన దారుల్లో బ్రిటన్‌లో ఇంత వాలు మరెక్కడా లేదు. పద్ధతేమంటే కింది చదునులో ఆవిరి పూర్తిగా తెరిచి పరుగెత్తించి, ఆ ఊపుతో ఎక్కాలి. సగంలో చక్రాలు జారాయా, వెనక్కి దింపి మళ్ళీ పరుగు. అప్పటికీ కాకపోతే రైలును రెండు ముక్కలు చేసి విడివిడిగా తీసుకెళ్ళాలి. తడి పట్టాల మీద, రాలిన ఆకుల మీద ఈ తంతు మామూలే. దిగేటప్పుడు అసలు ప్రమాదం: 1937లో ఒక ఇంజను అదుపు తప్పి అడుగున బోల్తా పడింది, డ్రైవరు చనిపోయాడు. 1930ల నుంచి ఇక్కడ పనిచేసినవి నార్త్ లండన్ రైల్వే కాలపు చిన్న ట్యాంకు ఇంజన్లు, 1950ల నడుమనుంచి యుద్ధకాలంలో రూపొందిన జె94 రకం. రెండూ ఆరు చక్రాల పొట్టి ఇంజన్లే. ఎందుకు పొట్టివే వాడారో ఇంకో ఆరు మైళ్ళ తర్వాత తెలుస్తుంది.

హాప్టన్ దాటాక హార్బరో రాక్స్. ఎడమచేతివైపు గడ్డిలో గుంటలు, రాళ్ళ కుప్పలు: సీసం గనులవి. వాటిలో ఒకదాని పేరు గోల్కొండ! బ్రాసింగ్‌టన్ ఊరి పైన ఉన్న ఈ గనిలో సీసం, ఆపైన బెరైట్స్ తవ్వారు; 1950ల్లో మూసేశారు. మన గోల్కొండ వజ్రాల ఖ్యాతి అప్పటికే ఇంగ్లీషువాళ్ళ నోళ్ళలో నానింది, ఆశతో పెట్టుకున్న పేరన్నమాట. దారి దిగి గనులవైపు పోవద్దు, పాత బావుల మీద కప్పులు ఎంత గట్టివో పైకి తెలియదు.

లాంగ్‌క్లిఫ్‌లో సున్నపురాయి మిల్లులు ఇప్పటికీ పనిచేస్తున్నాయి, లారీల దుమ్ము తప్పదు. రైల్వే బతికింది ఈ రాతి మీదే. మిడిల్టన్ దగ్గర దొరికే హాప్టన్ వుడ్ రాయి నునుపు పెడితే చలువరాయిలా మెరుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత సైనికుల సమాధి రాళ్ళకు దీన్ని విరివిగా తీసుకెళ్ళారు. కిందికి రాయి, పైకి? పైకి వచ్చిన ముఖ్యమైన సరుకు నీళ్ళు. పాత లోకోమోటివ్ టెండర్లను (ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ మోసే బళ్ళు) నీళ్ళ తొట్లుగా మార్చి, క్రామ్‌ఫర్డ్‌లో నింపి, రెండు ఇంక్లైన్లూ తాడుతో ఎక్కించి, పైనున్న ఇంజన్లకూ దారి పక్క ఇళ్ళకూ పంచేవారు. నీళ్ళు లేక కాలువ మానుకున్న చోట రైలు జీవితాంతం నీళ్ళు మోసింది.

మినింగ్‌లో అనే కొండ మీద చెట్ల గుంపు దూరంనుంచే కనిపిస్తుంది. ఆ చెట్ల కింద నవశిలాయుగపు సమాధులున్నాయి. దాని కింద లోయను దాటించడానికి రైలు కట్టిన గట్టు చూడదగ్గది: సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన నిలువు గోడలు, మధ్యలో రాళ్ళూ మన్నూ. ట్రెయిల్ మీద నడిస్తే ఏమీ కనిపించదు. పక్కనున్న బాటలోకి దిగి కిందనుంచి తలెత్తి చూడాలి. దారి వంకర తిరిగితే తిరిగింది గానీ మట్టం మారకూడదన్నది కాలువవాళ్ళ పట్టు. కొండ అంచు పట్టుకుని పోయినన్ని మలుపులు, తప్పనిచోట ఇలాంటి గట్టు.

ఆ పట్టు పరాకాష్ఠ గోథమ్ మలుపు. 55 గజాల వ్యాసార్థంతో దాదాపు 80 డిగ్రీలు తిరుగుతుంది. బ్రిటన్‌లో మామూలు గేజు రైలుదారుల్లో ఇంత ఇరుకు మలుపు ఇంకోటి లేదని చెబుతారు. గుర్రం లాగే వ్యాగన్‌కు ఇది లెక్కే కాదు. లోకోమోటివ్‌కు వచ్చేసరికి చక్రాల మధ్య దూరం ఎక్కువైతే అంచులు పట్టాకు బిగుసుకుని పైకెక్కి తప్పుతాయి. అందుకే పొట్టి ఇంజన్లు, పొట్టి వ్యాగన్లు. 1825లో గుర్రాన్ని దృష్టిలో పెట్టుకుని గీసిన ఒక్క గీత 1967 దాకా ఇక్కడ ఏ బండి తిరగాలో శాసించింది.

ఫ్రిడెన్‌లో మంటకు ఆగే ఇటుకల ఫ్యాక్టరీ. ఇక్కడి సున్నపురాతి గుంటల్లో చేరిన సిలికా ఇసుక దానికి ముడిసరుకు. తర్వాత న్యూహేవెన్ సొరంగం, 51 గజాలే. హడావుడిగా దాటిపోకండి. తూర్పు ముఖద్వారం మీద రాతిలో చెక్కిన వ్యాగన్ బొమ్మ, రైల్వే పేరు, 1825 సంవత్సరం, ఇంజనీరు జెస్సప్ పేరు ఉన్నాయి. పడమటి వైపు మరో చెక్కడం. పని మొదలైన మరుసటి ఏడే, 1826లో, జెస్సప్ చనిపోయాడు. దారి పూర్తిచేసింది థామస్ వుడ్‌హౌస్. 1,55,000 పౌండ్ల అంచనా 1,80,000 దాకా పెరిగింది.

పార్స్‌లీ హేలో ఆష్‌బోర్న్‌నుంచి వచ్చే టిసింగ్‌టన్ ట్రెయిల్ కలుస్తుంది. టీ కొట్టు, సైకిలు అద్దె, మరుగుదొడ్డి ఉన్నాయి. బస 2 మైళ్ళ దూరంలో హార్టింగ్‌టన్ గ్రామంలో. వారాంతాల్లో గదులు దొరకవు, ముందే మాట్లాడుకోవాలి.

మూడో రోజు: పార్స్‌లీ హే నుంచి బక్స్‌టన్

ఇది కాళ్ళకు విశ్రాంతి రోజు. ట్రెయిల్ ఇంకో మూడున్నర మైళ్ళే. హర్డ్‌లో పాత ఇంక్లైన్‌ను 1869లోనే మళ్ళింపు దారి వేసి వదిలేశారు. ట్రెయిల్ ఆ మళ్ళింపు మీద పోతుంది, పాత గట్టు పక్క పొలాల్లో గీతలా మిగిలింది. 1830 మే 29న క్రామ్‌ఫర్డ్ వైపునుంచి మొదట తెరిచింది హర్డ్‌లో దాకానే. వేలీ బ్రిడ్జ్ దాకా 1831 జులై 6కు గానీ తెరవలేదు. గుర్రాల కాలంలో ఈ కొసనుంచి ఆ కొసకు రెండు రోజులు పట్టేది.

ప్రయాణికుల ఊసు చెప్పాలంటే ఎక్కువ లేదు. 1855లో చట్టం అనుమతించింది, రోజుకు అటొకటి ఇటొకటి. డబ్బు రాలలేదు. 1877లో ఒక ప్రయాణికుడు చనిపోవడంతో ఆపేశారు. 1862లో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కౌలుకు తీసుకుని, 1887లో కలిపేసుకుంది. వాళ్ళు 1892లో బక్స్‌టన్‌నుంచి కొత్త దారి తెచ్చి కలపగానే లాడ్‌మన్‌లో–షాల్‌క్రాస్ భాగానికి పనిలేకుండా పోయింది, ఆ ఏడే మూసేశారు. తూర్పు భాగం రాతి పుణ్యమా అని 1967 దాకా నిలిచింది. పీక్ నేషనల్ పార్కు, కౌంటీ వాళ్ళు కొన్న దారి 1971లో ట్రెయిల్‌గా తెరుచుకుంది.

డౌలో దగ్గర ట్రెయిల్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కారణం మంచిదే: అవతల క్వారీనుంచి బక్స్‌టన్‌కు రాతి రైళ్ళు ఇంకా నడుస్తున్నాయి. ఏ515 రోడ్డు మీద నడిచి పోదామనుకోవద్దు, కాలిబాట లేదు, బళ్ళు వేగంగా వస్తాయి. ఆష్‌బోర్న్–బక్స్‌టన్ బస్సు వేళలు ముందే చూసుకుని ఎక్కాలి; ఆదివారాలు మరీ తక్కువ.

నాలుగో రోజు: బక్స్‌టన్ నుంచి వేలీ బ్రిడ్జ్

ట్రెయిల్ గుర్తులుండవు, ఆర్డినెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ) పటం చేతిలో ఉండాలి. 8 మైళ్ళకు అటూఇటూ. సైకిలుకు కాదు, నడకకే.

ఊరికి నైరుతిన లాడ్‌మన్‌లో, 1,266 అడుగులు. రైలు ఎక్కడం ఇక్కడితో ఆగి దిగడం మొదలవుతుంది. అవతల బర్బేజ్ సొరంగం మూసేసి ఉంది. కొండ మీంచి కాలిబాట పట్టుకుని పడమటి ముఖద్వారం దగ్గరికి దిగాలి. అక్కడినుంచి పాత దారి మళ్ళీ బల్లపరుపుగా గాయిట్ లోయ అంచున సాగుతుంది. రాయి మారింది గమనించండి: సున్నపురాయి పోయి ఇసుకరాయి, పీట్ (సగం కుళ్ళిన నాచు పేరుకున్న) నేల. ఇక్కడ నీళ్ళు నేలలోకి దిగవు. తూర్పున తాగడానికి చుక్క దొరకని దారి ఇక్కడ చీలమండల దాకా బురద. బూట్లు తడవకపోతే అదృష్టమే.

బన్సల్ ఇంక్లైన్ నెత్తిన ఒక చిన్న చెరువు ఉంది; తాడు లాగే ఇంజనుకోసం నిలవ చేసినది. ఇంజను పోయింది, చెరువు మిగిలింది. ఇంక్లైన్ (రెండు కలిపి 1,115 గజాలు, కింది భాగం 7కి 1) ఇప్పుడు ఎర్వుడ్ డ్యామ్‌కు దిగే తారు రోడ్డు. మోకాళ్ళకు ఇది కఠిన పరీక్ష, కర్ర ఉంటే మేలు. దిగువన రెండు జలాశయాలు: ఫెర్న్‌లీ 1938లో, ఎర్వుడ్ 1967లో పూర్తయ్యాయి, రెండూ స్టాక్‌పోర్ట్ ఊరి దాహం తీర్చడానికి కట్టినవి. ఫెర్న్‌లీ తూర్పు గట్టు బాట పాత రైలు మట్టం మీదే నడుస్తుంది.

షాల్‌క్రాస్ ఇంక్లైన్‌ను ఇళ్ళు కొంత మింగేశాయి, సందులాంటి బాటగా మిగిలింది. దాని కింద గాయిట్ ఏరు మీద ఇనుప వంతెన, దానికి ముందు ఆఖరి ఇంక్లైన్. 180 గజాలు, 40 అడుగులు, అంతే. ఇంత చిన్నదానికి ఆవిరి ఇంజను దండగని గుర్రాన్ని పెట్టారు: గానుగ తిప్పినట్టు గుర్రం చుట్టూ తిరిగితే గొలుసు లాగేది, ఒక వ్యాగన్ దిగుతుంటే ఒకటి ఎక్కేది. 1952 ఏప్రిల్ 9 దాకా గుర్రమే తిప్పింది. విద్యుత్ రైళ్ళు తిరుగుతున్న దేశంలో!

కొసన పీక్ ఫారెస్ట్ కాలువ రేవు, 1832 నాటి రాతి గోదాము. ఒక చివర మూడు కమానులు: నడుమ కమాను కిందుగా కాలువ లోపలికి వస్తుంది, పట్టాలు రెండు పక్కలా. వాన తగలకుండా వ్యాగన్‌నుంచి పడవలోకి, పడవనుంచి వ్యాగన్‌లోకి సరుకు మారేది. ఈ కాలువకు నీళ్ళిచ్చే టాడ్‌బ్రుక్ జలాశయం ఊరి నెత్తినే ఉంది. 2019 ఆగస్టులో దాని పొర్లుకట్ట వరదకు దెబ్బతిని, ఊళ్ళో 1,500 మందిని ఖాళీ చేయించారు.

రేవునుంచి స్టేషన్ ఐదు నిమిషాలు. మళ్ళీ క్రామ్‌ఫర్డ్ చేరాలంటే మాట్లాక్–బక్స్‌టన్ నేరు దారి 1968లో మూసేశారు కనుక స్టాక్‌పోర్ట్, షెఫీల్డ్, డెర్బీల్లో బండ్లు మారి కొండను చుట్టి రావాలి. లేదా బక్స్‌టన్ వెనక్కి పోయి మాట్లాక్ వైపు బస్సు పట్టుకోవాలి. సామాను క్రామ్‌ఫర్డ్‌లో వదిలి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం రెండుకల్లా బయల్దేరడం మంచిది.